జింక మాంసం మా ఇంటికి తేవద్దు

ఊళ్ళో జింకని కొట్టారంటే ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఉండదు. రాత్రి పొలాల మీద లైట్లు తిరుగుతాయి, కుక్కలు అరుస్తాయి, తెల్లారేసరికి నాలుగిళ్ళకి నల్ల కవర్లు చేరతాయి, ఆ నాలుగిళ్ళోళ్ళు ఇంకో పదిమందికి చెప్పుకుంటారు కూడా. అదే ఫారెస్టోళ్ళు వచ్చి అడిగితే మాత్రం ఊరు ఊరంతా "మాకేం తెలీదు సార్" అంటుంది. నాకు వేటగాడి మీద కన్నా ఈ "తెలీదు" మీదే కోపం ఎక్కువ. ఎందుకంటే తినేవాడు, కొనేవాడు లేకపోతే ఎవడూ రాత్రంతా నిద్ర మానుకుని ఉచ్చుల దగ్గర కూర్చోడు.

అసలు ఎలా చంపుతారో చూసినోళ్ళకి ఆ మాంసం నోట్లోకి పోదు. బైక్ క్లచ్ వైరు తీసుకుని ఉచ్చు చేసి దుప్పులు, అంటే చుక్కల జింకలు, నీళ్ళకి వెళ్ళే దారిలో కడతారు, మెడకో కాలికో పడుతుంది, అది గుంజుకున్నకొద్దీ బిగుస్తుంది, కాలికి పడితే ఎముక కనిపించేదాకా కోసుకుపోతుంది కానీ ప్రాణం మాత్రం వెంటనే పోదు. ఉచ్చుకి ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేదు. దుప్పి సాధారణంగా ఈతకి ఒక్క పిల్లనే పెడుతుంది, ఏడు నెలలకి పైగా మోసి మరీ. పుట్టిన కొత్తల్లో పిల్లని గడ్డిలో దాచి తల్లి మేతకి పోతుంది, ఆ పిల్ల కదలకుండా మెదలకుండా అక్కడే పడి ఉంటుంది తల్లి వచ్చేదాకా. తల్లి ఉచ్చులో పడితే పిల్ల కూడా పోయినట్టే, అది ఎవరి లెక్కలోకీ రాదు.

కరెంటు తీగలు ఇంకా ఘోరం. లైన్ మీద కొక్కెం తగిలించి పొలం గట్టునో అడవి అంచునో తీగ లాగి వదిలేస్తారు. దానికి జింకే తగలాలని ఏముంది, రాత్రి మోటార్ వేయడానికి పోయిన రైతు తగలొచ్చు, మేత మేస్తా పోయిన ఆవు తగలొచ్చు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కి పోయిన గ్రేహౌండ్స్ జవాను ఒకాయన జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలే చనిపోయాడు. అంత ట్రైనింగ్ ఉన్న మనిషికే అలా జరిగితే చెప్పుల్లేకుండా పొలం పోయే మనోళ్ళ సంగతేంటి? అందుకే ఎవరైనా నాతో "జింకే కదా, వదిలెయ్" అంటే ఒప్పుకోను.

చట్టం గురించి ఊళ్ళో చాలా తప్పుగా అనుకుంటారు. తుపాకీతో కాలిస్తేనే వేట అని, కేసు కాల్చినోడి మీదే అని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉచ్చు పెట్టడం, వల వెయ్యడం, విషం పెట్టడం, తరమడం, చివరికి ఆ ప్రయత్నం చెయ్యడం కూడా వేటే. కృష్ణ జింక షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, దాన్ని వేటాడితే తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా జైలు. చుక్కల దుప్పి షెడ్యూల్ 2, దానికీ జైలు ఉంది. అభయారణ్యం లోపలైతే ఏ జంతువునైనా అదే మూడు నుంచి ఏడేళ్ళు. ఇంకోటి, ఇది కవర్లు తీసుకునేవాళ్ళు వినాలి: ఆ మాంసం దగ్గర ఉంచుకోవడం నేరం, కొనడం నేరం, ఊరికే ఇచ్చినా పుచ్చుకోవడం నేరం. మీ దగ్గర దొరికితే అది అక్రమంగా వచ్చింది కాదని నిరూపించుకోవాల్సింది కూడా మీరే. "మేకదే సార్" అంటే సరిపోయే రోజులు పోయాయి, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి డీఎన్ఏ తీసి ఏ జంతువుదో చెప్పేస్తారు, వండిన కూరైనా చాలాసార్లు దొరికిపోతుంది.

ఇప్పుడు రైతుల మాట. "పంట తింటున్నాయి, చంపక ఏం చెయ్యాలి" అంటారు, దీన్ని నేను కొట్టిపారెయ్యను. నారాయణపేట వైపు కృష్ణ జింకల మందలు మొలకల మీద పడితే ఏమవుతుందో అక్కడి రైతుల్ని అడగండి, రోళ్ళపాడు అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్ళోళ్ళని అడగండి. విత్తనం, ఎరువు, కూలి అన్నీ పోతాయి, పరిహారం కోసం తిరిగే ఓపిక అందరికీ ఉండదు. ఆ బాధ నిజం. ఆ పరిహారం త్వరగా రావాలని, కంచెలకి సాయం చెయ్యాలని, మందలు మరీ పెరిగిన చోట నుంచి వేరే చోటికి తరలించాలని రైతులు అడిగితే నేను వాళ్ళ పక్కనే నిలబడతా. కానీ ఒక్కటి చెప్పండి, రాత్రి లైట్లేసుకుని బండ్ల మీద వచ్చేవాళ్ళలో పంట పోయిన రైతు ఎంతమంది? పంట లేని ఎండాకాలంలో నీటిగుంట దగ్గర కాపు కాసేది ఏ చేను కాపాడ్డానికి? రైతు కష్టాన్ని అడ్డం పెట్టుకుని టౌన్‌లో వాళ్ళకి మాంసం సప్లై చేస్తున్నారు, అంతే.

దొరికేది కూడా ఎప్పుడూ కిందివాడే. ఉచ్చు కట్టిన కూలీ దొరుకుతాడు, జైలుకి పోతాడు, వాళ్ళ కులాన్నంతా వేటగాళ్ళని తిడతారు. ఫోన్ చేసి ఆర్డర్ పెట్టినోడు కారులో వచ్చి తీసుకుపోతాడు, వాడి పేరు ఏ కాయితంలోనూ ఉండదు.

మా వరసకి తమ్ముడయ్యేవాడొకడు ఈ పనిలోకి దిగాడని తెలిసి పగలే వాళ్ళింటికెళ్ళి కూర్చుని అడిగాను. "నువ్వొక్కదానివే అడుగుతున్నావక్కా, మిగతా అందరూ మళ్ళీ ఎప్పుడు కొడుతున్నావురా అని అడుగుతారు" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వాణ్ణి ఆపాలంటే ముందు ఆ మిగతా అందర్నీ ఆపాలి. అప్పట్నుంచి నేను వేటగాడితో తక్కువ, కవర్ తీసుకునే ఇళ్ళతో ఎక్కువ మాట్లాడుతున్నా. పిన్నీ, మీ మనవడు పొద్దున్నే ఆ గట్టు మీద నుంచే కదా బడికి పోయేది, అక్కడే తీగ పెట్టారంట అని చెప్తే ఎవరైనా వింటారు. జంతువుల మీద జాలి గురించి చెప్తే కొందరు నవ్వుతారు, తీగ గురించి చెప్తే ఎవరూ నవ్వరు.

రాత్రిపూట వెళ్ళి ఎదురుపడొద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. వాళ్ళ దగ్గర నాటు తుపాకీ ఉంటుంది, మందు తాగి ఉంటారు, చీకట్లో ఎవర్ని చూసి కాలుస్తారో తెలీదు. తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు, ముందు కరెంటోళ్ళకి ఫోన్ చేసి సప్లై ఆపించండి. ఉచ్చు కనిపిస్తే ఫోటో తీసి లొకేషన్ పెట్టి ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కి పంపండి, ఆయన పట్టించుకోకపోతే రేంజ్ ఆఫీసర్‌కి, అక్కడా కాకపోతే ఆయన పైన ఉండే ఫారెస్టు అధికారి డీఎఫ్ఓకి రాసివ్వండి. మీ పేరు బయటపెట్టొద్దని ముందే చెప్పండి, ఊళ్ళో బతకాలి కదా. బండి నంబరు తెలిస్తే అది మర్చిపోకుండా రాయండి, ఎందుకంటే ఉచ్చు కట్టినోడి పేరు ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు, కొనుక్కుపోయినోడి బండి నంబరే ఎవరూ చెప్పరు.