ఆస్ట్రేలియా రాష్ట్ర గవర్నర్: మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపరులో భారత రాజ్యాంగ వ్యవస్థను ఇతర దేశాలతో పోల్చే అంశం ఉన్న సంగతి మీకు తెలిసిందే. చాలామంది దీనికి అమెరికా, బ్రిటన్ చదివి ఊరుకుంటారు. గవర్నర్ వ్యవస్థ వరకు మాత్రం ఆస్ట్రేలియా చదవమని మిత్రులకు గట్టిగా చెబుతాను. అదీ మనలాగే పార్లమెంటరీ పద్ధతిలో నడిచే సమాఖ్య, అక్కడి గవర్నర్ పదవికీ మూలం వలస పాలనే. అసలు తేడా అంతా ఆ గవర్నరును ఎవరి సలహాపై నియమిస్తారన్న దగ్గర ఉంది.

చరిత్ర భాగానికి నోట్సులో ఒక పేరా చాలు. 1788లో బ్రిటిష్ వలస అయిన న్యూ సౌత్ వేల్స్‌కు తొలి గవర్నరుగా వచ్చిన ఆర్థర్ ఫిలిప్ చేతిలో దాదాపు సర్వాధికారాలూ ఉండేవి. 1808లో గవర్నర్ విలియం బ్లైను సైనికాధికారులే పదవి నుంచి దించేశారు. 1856లో అక్కడ శాసనసభకు బాధ్యత వహించే ప్రభుత్వం ఏర్పడింది. 1901లో ఆరు వలసలు కలిసి సమాఖ్యగా మారినా, రాష్ట్రాల గవర్నర్లు సమాఖ్య స్థాయిలో రాజప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ కింద చేరకుండా నేరుగా లండన్‌తోనే సంబంధం నిలుపుకున్నారు. బ్రిటిష్ మంత్రుల సలహాపైనే వారి నియామకాలు జరిగేవి.

దీన్ని మార్చింది 1986 మార్చి 3న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా చట్టం. కోచింగ్ మెటీరియల్ పక్కన పెట్టి అందులోని 7వ సెక్షన్‌ను నేరుగా చదవండి, అర పేజీ కూడా ఉండదు. గవర్నర్ రాణికి (ఇప్పుడు రాజుకు) ప్రతినిధి అని, గవర్నరును నియమించడం, తొలగించడం తప్ప రాష్ట్రంలో రాణి అధికారాలన్నీ గవర్నరే వినియోగించాలని, ఈ విషయాల్లో రాణికి సలహా ఇచ్చేది మన ముఖ్యమంత్రి వంటివారైన ఆ రాష్ట్ర ప్రీమియరేనని అందులో ఉంది. అంటే కాన్‌బెర్రాలోని ఫెడరల్ ప్రభుత్వానికి ఇందులో ప్రమేయం లేదు. గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారని, రాష్ట్రపతి ఇష్టం ఉన్నంత కాలమే పదవిలో ఉంటారని చెప్పే మన 155, 156 అధికరణలను దీని పక్కన పెట్టి చూస్తే, గవర్నర్ కేంద్రం మనిషి అన్న మన రాజకీయాల్లోని ఆరోపణ అక్కడ ఎందుకు వినిపించదో అర్థమవుతుంది.

ఉదాహరణల్లో జాక్ లాంగ్ ఉదంతాన్ని వదలకండి. మహామాంద్యం రోజుల్లో వడ్డీ చెల్లింపులపై న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ లాంగ్ ఫెడరల్ ప్రభుత్వంతో తలపడి, రాష్ట్ర ఆదాయాన్ని వారికి జమ చేయవద్దని ఉద్యోగులకు సర్క్యులర్ పంపారు. అది చట్టవిరుద్ధమని, వెనక్కి తీసుకోవాలని గవర్నర్ ఫిలిప్ గేమ్ కోరారు; లాంగ్ ససేమిరా అనడంతో 1932 మే 13న ఆయనను తొలగించారు. చట్టవిరుద్ధమో కాదో తేల్చవలసింది కోర్టు కదా అన్న విమర్శ నాకు సబబుగానే తోస్తుంది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ తొలగించిన ఘటనతో దీన్ని పోల్చవచ్చు గానీ, ఒక జాగ్రత్త అవసరం: అక్కడ వివాదం చట్టబద్ధత మీద, ఇక్కడ మెజారిటీ మీద.

దీనికి భిన్నమైనది 1987 నాటి క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఉదంతం. సొంత పార్టీ కొత్త నాయకుణ్ణి ఎన్నుకున్నాక కూడా ప్రీమియర్ బ్యెల్కే పీటర్సన్ కుర్చీ దిగలేదు. గవర్నర్ వాల్టర్ క్యాంప్‌బెల్ తొందరపడి ఆయనను తొలగించకుండా వేచి ఉన్నారు. డిసెంబరు 1న బ్యెల్కే పీటర్సనే రాజీనామా చేశారు. విచక్షణాధికారం మీద ప్రశ్న వస్తే గేమ్, క్యాంప్‌బెల్ ఇద్దరినీ పక్కపక్కన రాయండి.

ప్రిలిమ్స్ దృష్టితో ఒక్క విషయం: నార్తర్న్ టెరిటరీ రాష్ట్రం కాదు కనుక అక్కడ గవర్నర్ ఉండరు, గవర్నర్ జనరల్ నియమించే అడ్మినిస్ట్రేటర్ ఉంటారు.