మావయ్య రంపం మిషన్: నాలుగో ఆదివారం

ఈ రోజు చెట్లు కోసే చైన్ రంపం ఇంజిన్ ఆగకుండా పది నిమిషాలు తిరిగింది. చప్పుడు విని మావయ్య మెట్లు దిగి వచ్చి పక్కనే నిలబడ్డాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు విశాఖ గోపాలపట్నంలో మా ఇంటి ముందున్న వేపచెట్టు గేటు మీద పడింది. దాన్ని కోసి దారి చేసింది ఈ మిషనే. స్టిల్ కంపెనీ ఎంఎస్ 250 మోడల్, 45.4 సీసీ ఇంజిన్. ఆ తర్వాత ట్యాంకులో పెట్రోలు ఉండగానే అటకెక్కింది. మొన్న దించి ఒక మెకానిక్‌కి చూపిస్తే పిస్టన్ పోయింది, సిలిండర్ సెట్ మార్చాలన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి ఫోన్ టార్చ్ వేసి చూశాను. పిస్టన్ పాడైతే పడే నిలువు గీత ఒక్కటీ లేదు. ప్రెషర్ గేజ్ పెట్టి స్టార్టర్ తాడు లాగితే 125 పీఎస్ఐ చూపించింది. అంత ప్రెషర్ ఉన్న ఇంజిన్ని ఎలా పారేస్తాం?

అసలు రోగం పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్‌లో ఉంది. మూత తీయగానే పాత వార్నిష్ వాసన. బట్టలా మెత్తగా ఉండాల్సిన పల్చటి పొర, డయాఫ్రమ్, వేలితో తడితే ఎండిన అప్పడంలా టకటకమంది. గుండుసూది తలంత జల్లెడ నిండా జిగురు. కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించి డయాఫ్రమ్, గాస్కెట్ (లీకు కాకుండా మధ్యలో పెట్టే పల్చటి అట్ట), నీడిల్ (పెట్రోలు దారి మూసి తెరిచే సూది) మూడూ మార్చాను. నీడిల్ వైపు ముందు గాస్కెట్, దాని మీద డయాఫ్రమ్ రావాలి. మొదటిసారి తిరగేసి బిగించడంతో ఒక ఆదివారం పోయింది.

తర్వాత స్టార్టయింది కానీ ఇరవై సెకన్లకే ఆగిపోయేది. పెట్రోలు పైపు బయటికి బాగానే కనిపించింది, వంచి చూస్తే మలుపు దగ్గర సన్నటి పగులు. అక్కడ గాలి లాగుతోంది. పైపు మార్చాక ఆ బాధ తీరింది.

మన ఉప్పుగాలికి ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం, ఫ్లైవీల్, దాని అయస్కాంతాల మీద తుప్పు పట్టింది. సన్న గరుకు కాగితంతో రుద్ది, ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూర్చి బిగించాను. 0.3 మిల్లీమీటర్లకు అదే సులువైన కొలత. ప్లగ్ గ్యాప్ 0.5. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. ఇప్పుడు బంకు పెట్రోలులో ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీలుస్తుంది. అందుకే అరలీటరుకి మించి కలపను. పని అవగానే ట్యాంకు వంపేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఇంజిన్ తిప్పుతాను.

చైన్ పళ్లు ఆకురాయితో పట్టాను. 4.8 మిల్లీమీటర్ల గుండ్రటిది, 30 డిగ్రీల వాలు, ప్రతి పన్నుకీ లెక్కపెట్టి మూడు తోపులు, ముందుకే. వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. పదును పడ్డ అంచు మీద వెలుగు నిలవదు, మొద్దు అంచు సన్న వెండిగీతలా మెరుస్తుంది. ఆ మెరుపు పోయేదాకా పట్టడమే.

ఇంకా ఒకటి మిగిలింది. చైన్ చుట్టూ తిరిగే పొడవాటి రేకు, బార్, దాని కొనని అట్టముక్క మీదికి చూపించి రేజ్ చేస్తే చైన్‌కి వెళ్లే నూనె చార పడాలి. పడటం లేదు. నూనె పంపు, చైన్‌ని ఇంజిన్‌తో కలిపే క్లచ్ వెనకాల ఉంది. ప్లగ్ రంధ్రంలో తాడు దూర్చి పిస్టన్‌ని ఆపి క్లచ్ విప్పాలి, అది ఎడమ మర, కుడివైపు తిప్పితేనే వస్తుంది. పెరట్లో సరుగుడు దుంగ సిద్ధంగా ఉంది, మావయ్య ఇప్పుడే కోసి చూద్దామంటున్నాడు. నూనె రానిదే చైన్ కర్రకి తగలనివ్వనని చెప్పాను.