తిత్లీ బుధవారమా, గురువారమా

2025 అక్టోబరు 12, ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

తిథి, వాన, చరిత్ర గడులు నింపుకునే పుస్తకంలో ఇవాళ్టి పేజీ పొద్దున్నే అయిపోయింది. ఆశ్వయుజ బహుళ షష్ఠి, మధ్యాహ్నం రెండుంబావు దాకా. చిత్త కార్తె. సూర్యోదయం 5.47, అస్తమయం 5.35. వాన 6.4 మిల్లీమీటర్లు. చరిత్ర గడిలో ఇదే తారీఖున వచ్చిన తుపానులు, ఫైలిన్, హుద్‌హుద్. పుస్తకం మూసి పడుకోవాల్సిందే. సాయంత్రం ఫోనులో పిన్ని అన్న మాట మాత్రం లోపల కెలుకుతూనే ఉంది.

నిన్నటి పేజీ ఆవిడకి చదివి వినిపించాను. ‘తిత్లీ తుపాను తీరం దాటి ఏడేళ్ళు. 2018 అక్టోబరు 11, గురువారం.’ అంతవరకే చదివాను.

“గురువారమేటే? బుధవారం రాత్రి. అప్పటికింకా తెల్లారనేదు కదా!”

లేదు పిన్నీ, గురువారమే అన్నాను.

“మా చెట్లు ఎప్పుడు పడిపోయాయో నాకు తెల్దా?” అని పెట్టేసింది.

పిన్ని సంగతి తెలిసిందే, ఉద్దానం (శ్రీకాకుళం తీరాన వాళ్ళ కొబ్బరితోటల సీమ) మాట వస్తే చివరి మాట ఆవిడదే. కానీ తారీఖు దగ్గర నేనూ పట్టు విడవను. ఈ పుస్తకంలో తిథి తప్పితే మర్నాడు దిద్దుకోవచ్చు, వాన తప్పితే నెల చివర కూడికలో తేలుతుంది. చరిత్ర గడిలో తారీఖు తప్పితే అది అలాగే ఉండిపోతుంది. ఏటా అదే పేజీ చూసి అదే తప్పు మళ్ళీ ఎక్కించుకుంటాం. అందుకే ఫోను పెట్టగానే వాతావరణ శాఖ లెక్కలు రాసిపెట్టుకున్న పాత నోటుబుక్కు తీశాను, ఆవిడది తప్పని చూపించడానికే.

లెక్క స్పష్టంగా ఉంది. తిత్లీ పలాస దగ్గర, గోపాలపూర్‌కి నైరుతి దిక్కున, 11వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకీ ఐదున్నరకీ మధ్య తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165. హుద్‌హుద్ 2014లో విశాఖ మీదుగా పట్టపగలు పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య, 170 నుంచి 180. ఫైలిన్ 2013లో గోపాలపూర్ దగ్గర రాత్రి పదిన్నర ప్రాంతంలో, 200 నుంచి 210. అంకెల్లో చూస్తే మూడింటిలో తిత్లీయే చిన్నది. ఉద్దానానికి మాత్రం అదే పెద్దది, నెత్తి మీదుగా పోయింది కాబట్టి.

ఆ తెల్లవారుజాము గురించి రాయాల్సింది ఇంకా ఉంది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్ళకి ఎదురు తిరుగుతుంది. తూర్పు తీరం దాటేటప్పుడు, దాటిన చోటికి ఉత్తరాన ఉన్న ఊళ్ళకి గాలి సముద్రం మీంచి వస్తుంది, దక్షిణాన ఉన్న ఊళ్ళకి నేల మీంచి. సముద్రం మీంచి వచ్చేదే ఎక్కువ బలం, పైగా ఉప్పు మోసుకొస్తుంది. కన్ను సరిగ్గా మీదనుంచి పోయిన చోట కాసేపు అంతా ఆగిపోయి, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. మొదటి విసురుకి ఒక పక్కకి వాలి వేళ్ళు కదిలిన చెట్టుని రెండో విసురు రెండో పక్కకి తోస్తుంది. ఉద్దానం ఇసుక నేల. కొబ్బరికి తల్లివేరు ఉండదు, ఉన్నవన్నీ పీచువేళ్ళు. నానిన ఇసుకలో అవి చెట్టుని ఎంతసేపు పట్టుకోగలవు?

చెట్టు నిలబడే ఉంది కదా అనుకోవడానికీ లేదు. కొబ్బరికి మొవ్వు, అంటే నడినెత్తిన చిగురు, ఒక్కటే. గాలికి అది మెలితిరిగి విరిగితే మాను పచ్చగా ఎంత ఎత్తున నిలబడినా చచ్చినట్టే, పక్కనుంచి చిగురు రాదు. జీడిమామిడి అలా కాదు, కొమ్మ విరిగినా కింద బతికున్న చోట కోసి శుభ్రం చేస్తే మళ్ళీ చిగురిస్తుంది. అందుకే తుపాను తర్వాత నెలా రెండు నెలల దాకా ఏ చెట్టు పోయిందో ఏది ఉందో కొబ్బరి రైతు చెప్పలేడు. కొత్త ఆకు సూదిలా పైకి లేస్తే ఉన్నట్టు, మొవ్వాకు పట్టి లాగితే ఊడి చేతికొస్తే పోయినట్టు. దేశవాళీ పొడవు రకం మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. ఏడేళ్ళు అని నేను తేలిగ్గా రాసేశాను. ఆ తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే మొదటి గెల వేస్తున్నాయి. పిన్నికి ఏడేళ్ళంటే అదీ.

ఇంత రాశాక వారం పేరు దగ్గరికి వచ్చి ఆగాను. నాలుగున్నర, ఐదున్నర మధ్య. అక్టోబరు రెండో వారంలో పలాసలో సూర్యుడొచ్చేది 5.45కి. అంటే తీరం దాటిన గంటంతా సూర్యోదయానికి ముందే.

పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతోనే, అర్ధరాత్రితో కాదు. ఆ లెక్కన అది ఇంకా బుధవారమే. పిన్ని ‘తెల్లారనేదు కదా’ అన్నది చూసింది చూసినట్టు చెప్పడమొక్కటే కాదు, రోజు మారే సూత్రం కూడా. పొరపాటు నాదా అంటే, నాదీ కాదు. ఇంగ్లీషు తారీఖు పక్కన వారం రాస్తే గురువారమనే రాయాలి. ఇద్దరం రెండు లెక్కలు పట్టుకుని వాదించుకున్నాం. ఆవిడకి తప్పు చూపిద్దామని నోటుబుక్కు తెరిచినందుకు మనసు చివుక్కుమంది.

రెండే అనుకుంటే మూడోదీ ఉంది. వాన రోజు. వాన కొలిచేది పొద్దున్న 8.30కి. అంతకుముందు ఇరవైనాలుగు గంటల్లో పడినదంతా ఆ పొద్దుటి తారీఖు కింద వేస్తారు. 8.30 ఎందుకంటే అది ప్రపంచ సమయంలో సరిగ్గా మూడు గంటలు, అన్ని దేశాల వాతావరణ కేంద్రాలూ ఒకేసారి కొలత తీసుకునే వేళల్లో ఒకటి. ఇవాళ రాసిన 6.4 నిజానికి నిన్న సాయంత్రం పడ్డ జల్లు. హుద్‌హుద్ ఆదివారం మధ్యాహ్నం కురిపించిన వాన లెక్కలో 13 సోమవారం కింద కనిపిస్తుంది. తుపాను 12న, వాన 13నా అని కంగారు పడేవాళ్ళకి ఇదీ సంగతి. (హుద్‌హుద్ వచ్చిన 2014 తర్వాత అక్టోబరు 12 మళ్ళీ ఆదివారం పడింది ఈ ఏడే.)

వాన కొలత అడిగేవాళ్ళుంటారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. గరాటు మూతి వ్యాసం 16 సెంటీమీటర్లు ఉంటే వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లకి సరిపోతుంది. అప్పుడు 20 మిల్లీలీటర్ల నీళ్ళంటే ఒక మిల్లీమీటరు వాన. పొద్దున్న సీసాలో 128 మిల్లీలీటర్లు ఉన్నాయి, 6.4 అలా వచ్చింది. బజారులో దొరికే కొలగ్లాసుల్లో 100 చదరపు సెంటీమీటర్లకి గీతలు పెట్టినవీ ఉంటాయి, దాంతో 200 గరాటు నీళ్ళు కొలిస్తే వాన రెట్టింపు చూపిస్తుంది. కొనేముందు గ్లాసు మీద అంకె చూసుకోవాలి. గరాటు అంచు నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తున, మట్టసంగా ఉండాలి. సిమెంటు గచ్చు మీద పెడితే చినుకులు చింది లోపల పడతాయి, చుట్టూ గడ్డి ఉండాలి. గోడో చెట్టో ఉంటే దాని ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. ఇన్ని చేసినా తుపాను రోజు అంకె తక్కువే వస్తుంది. అడ్డంగా కొట్టే వాన గరాటు మీదనుంచి దాటిపోతుంది. ఆ రోజు అంకె పక్కన ‘గాలి’ అని ఒక్క ముక్క రాసుకుంటే ముందుముందు పనికొస్తుంది.

ఇప్పుడు గోడ క్యాలెండరు సంగతి. పిన్ని మీద వచ్చిన కోపం పోయింది కానీ ఇది పోవట్లేదు. ఇవాళ ఆదివారం, రాహుకాలం 4.30 నుంచి 6.00 అని వేశారు. ఇక్కడ సూర్యుడు 5.35కి అస్తమించాడు. రాహుకాలం పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో ఒకటి తీసుకునేది, ఆదివారానికి ఎనిమిదో భాగం. పగలు అయిపోయాక ఇంకా పాతిక నిమిషాలు పగటి భాగం ఎలా మిగులుతుంది? ఆరుకి ఉదయం, ఆరుకి అస్తమయం అనుకుని భాగానికి గంటన్నర చొప్పున వేసేసిన అంకెలవి, ఏడాది పొడుగునా, అన్ని ఊళ్ళకీ అవే. మన ఊరికి వేసుకోవడం కష్టమేమీ కాదు. 5.47 నుంచి 5.35 దాకా పగలు 11 గంటల 48 నిమిషాలు, అంటే 708 నిమిషాలు. ఎనిమిదో వంతు 88 నిమిషాల పైచిలుకు. చివరి భాగం 4.06 నుంచి 5.35 దాకా. సోమవారానికి రెండో భాగం, శనికి మూడు, శుక్రుడికి నాలుగు, బుధుడికి ఐదు, గురువుకి ఆరు, మంగళవారానికి ఏడు. నమ్మకం ఉన్నవాళ్ళకి సరైన వేళ ఇవ్వాలి కదా. నాలుగుంబావుకి మంచిపని మొదలుపెట్టి రాహుకాలం తప్పించుకున్నామని అనుకున్న ఇళ్ళు ఇవాళ ఎన్నో!

సూర్యోదయం గడీ అంతే. మా గోడ మీదది హైదరాబాదుకి వేసింది. అక్కడికీ మనకీ దాదాపు ఐదున్నర డిగ్రీల రేఖాంశం తేడా, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 22 నిమిషాలు. విజయవాడకి వేసినదైతే 13. ఈ నిమిషాలేం చేస్తాయంటారు. తిథి ముగిసే క్షణం దేశమంతా ఒకటే, సూర్యోదయం ఏ ఊరిది ఆ ఊరికే. ఒక తిథి పొద్దున్న 5.58కి ముగిసిందనుకుందాం. మనకి సూర్యోదయానికి అది ఇంకా ఉంది, హైదరాబాదులో అప్పటికే పోయింది. ఆ రోజు మన తిథి ఒకటి, గోడ మీది తిథి ఇంకొకటి. వ్రతాలు తప్పేది ఇలాంటి రోజుల్లోనే. ఆబ్దికాలకి చూడాల్సింది సూర్యోదయం కాదు, అపరాహ్ణం, అంటే మధ్యాహ్నం దాటాక వచ్చే వేళ. అది కూడా పగటి భాగమే, ఊరి సూర్యుణ్ణి బట్టే. వచ్చే దీపావళి ఏ రోజని ఇప్పట్నుంచే అడుగుతున్నారు. అమావాస్య 20 సోమవారం మధ్యాహ్నం మూడుముప్పావుకి వచ్చి మంగళవారం సాయంత్రం ఆరుకి కొంచెం ముందు పోతుంది. ప్రదోషమూ (పొద్దుగూకాక వచ్చే వేళ) రాత్రీ రెండూ నిండుగా దొరికేది సోమవారమే.

మధ్యాహ్నం నీడ కూడా చూశాను. అతి పొట్టి నీడ పడింది పన్నెండుకి కాదు, 11.41కి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి తూర్పున ఉన్నాం, అది ఐదున్నర నిమిషాలు. అక్టోబరులో సూర్యుడు గడియారం కన్నా పదమూడు నిమిషాలు ముందుంటాడు, మిగతాది అది. జల్లు పడి కడిగిన ఆకాశంలో ఆ నీడ గీత గీసినట్టు పడింది. బాగుంది.

తారీఖుల మాటకి తిరిగొస్తే, ఒకసారి అనుమానం పుట్టాక చరిత్ర గడులన్నీ తిరగేశాను. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24. ఇంగ్లీషువాళ్ళు కొత్త క్యాలెండరుకి మారింది 1752లో, సెప్టెంబరు 2 తర్వాతి రోజుని 14 అన్నారు. బొబ్బిలి మీదికి వచ్చిన ఫ్రెంచివాళ్ళు అంతకు ముందే, 1582లోనే మారిపోయారు. కాబట్టి బొబ్బిలి తారీఖుకి ఇద్దరి లెక్కా ఒకటే, భయం లేదు. పద్మనాభం యుద్ధం 1794 జులై 10, దానికీ లేదు. 1752కి ముందటి ఇంగ్లీషు కాగితం నుంచి ఎక్కించుకున్నవి ఉంటే మాత్రం పదకొండు రోజుల తేడా (1700కి ముందువైతే పది) చూసుకోవాలి. విజయనగరం సిరిమాను ఉత్సవానికి తారీఖు గడే అక్కర్లేదు, విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం అంతే. ఈ ఏడు మొన్న 7న అయింది, కిందటేడు 15న. తిథిని పట్టుకుని నడిచేవి ఇలా జరుగుతూ పోతాయి. కార్తె నక్షత్రంలో సూర్యుడి నడక కాబట్టి ఏటా అదే తారీఖుల దగ్గర నిలుస్తుంది. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ చిత్త కార్తె మొదటి రోజుల్లోనే వచ్చాయి. తుపానుల కోసం పాత పేజీలు తిరగేసేవాళ్ళు తిథి గడి వదిలేసి కార్తె గడి చూస్తే త్వరగా దొరుకుతాయి.

నిన్నటి పేజీలో గురువారం కొట్టెయ్యలేదు. దాని పక్కన ‘ఉ. 4.30 – 5.30, సూర్యోదయానికి ముందు. పంచాంగం ప్రకారం బుధవారం రాత్రి’ అని చేర్చాను. ఇక నుంచి చరిత్ర గడిలో వేళ తెలిసిన ప్రతిదానికీ వేళ రాయాలి. ఫైలిన్‌కీ రాశాను, హుద్‌హుద్‌కీ రాశాను. పొద్దున్న పిన్నికి ఫోను చెయ్యాలి, ఎనిమిదిన్నర కొలత అయ్యాక. గరాటు గొంతులో చీమలు పుట్ట పెట్టాయి, ఇప్పుడే కడిగి బోర్లించి వచ్చాను. తూర్పున మెరుస్తోంది, పడుకునేముందు మళ్ళీ నిలబెట్టి రావాలి.