పెద్ద యుద్ధ చరిత్ర చదువుతూ 1942 దగ్గర ఆగిపోకుండా

రెండో ప్రపంచ యుద్ధాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకే సంపుటంలో చెప్పే పుస్తకమంటే ఎనిమిది, తొమ్మిది వందల పేజీలు ఉంటుంది. మొదలుపెట్టినవాళ్లు పక్కన పెట్టేసేది ఎక్కువగా 1942 దగ్గరే. 1941 జూన్ దాకా కథ దాదాపు ఒకే దారిన పోతుంది. జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడ్డాక, డిసెంబరులో జపాను రంగంలోకి దిగాక, ఒక్కో యుద్ధరంగానికి ఒక్కో అధ్యాయం కేటాయించక రచయితకు తప్పదు. ఆఫ్రికా అధ్యాయం నవంబరులో ముగుస్తుంది. పేజీ తిప్పితే మళ్లీ ఆగస్టు, స్టాలిన్‌గ్రాడ్. అది అయ్యాక ఇంకోసారి ఆగస్టు, ఈసారి పసిఫిక్ దీవి గ్వాడల్‌కెనాల్. ఏది ముందో ఏది వెనకో తెలియకుండా పోతుంది.

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టుకుని నాలుగు నిలువు గళ్లు గీయండి: రష్యా, ఆఫ్రికా–పశ్చిమ ఐరోపా, పసిఫిక్, బర్మా–బంగాళాఖాతం. నెలకో వరస. 1942 నవంబరు వరస నింపి చూడండి. 4న ఈజిప్టులోని అలమైన్ నుంచి జర్మన్ సేనాని రోమెల్ వెనక్కి తగ్గాడు. 8న మిత్రసేనలు మొరాకో, అల్జీరియాల్లో దిగాయి. 12 నుంచి 15 దాకా గ్వాడల్‌కెనాల్ దగ్గర నౌకల పోరు. 19న స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లను చుట్టుముట్టడం మొదలైంది. పుస్తకంలో వంద పేజీల ఎడంతో ఉన్నవన్నీ పదహారు రోజుల్లో జరిగాయని అప్పుడు గానీ తెలియదు.

పటాలకు నెల్లూరు ట్రంకురోడ్డు స్టేషనరీ షాపుల్లో బడిపిల్లలకు అమ్మే ప్రపంచ అవుట్‌లైన్ మ్యాపులు చాలు, ఓ ఐదారు తెచ్చుకోండి. రేవులు, నదులు, రైలుమార్గాలు మాత్రమే గుర్తుపెట్టండి. బాణాలు గీస్తూ కూర్చుంటే పటం పాడవుతుంది.

సైన్యం పేర్ల దగ్గర అనుభవం ఉన్నవాళ్లూ పొరబడతారు. డివిజన్ అంటే సుమారు పది నుంచి పద్దెనిమిది వేల మంది. రెండు మూడు డివిజన్లు ఒక కోర్, కొన్ని కోర్‌లు ఒక ఆర్మీ. ఇది బ్రిటిష్, జర్మన్ లెక్క. జపాను వాళ్ల 'ఆర్మీ' ఇతరుల కోర్‌తో సమానం. సోవియట్ 'ట్యాంక్ కోర్' ఇతరుల డివిజన్ పాటిది, వాళ్ల 'ఫ్రంట్' అంటే కొన్ని ఆర్మీలు కలిసిన ఆర్మీ గ్రూపు. 1944లో ఇంఫాల్ మీదికి వచ్చిన జపాను 15వ ఆర్మీలో ఉన్నవి మూడు డివిజన్లే. ఎదురుగా ఉన్న బ్రిటిష్ సేనాని స్లిమ్ 14వ ఆర్మీలో ఒకటికి మించి కోర్‌లున్నాయి. ఆర్మీకి ఆర్మీ సరిజోడనుకుని చదివితే ఆ యుద్ధం అర్థం కాదు.

'క్యాజువాల్టీస్' అన్న మాటను మృతులు అని తెలుగు చేసుకోకండి. గాయపడ్డవాళ్లు, కనిపించకుండా పోయినవాళ్లు, బందీలు అందరూ అందులోకే వస్తారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో లొంగిపోయిన సుమారు 80 వేల మంది ఆ లెక్కలోనే ఉంటారు. వాళ్లలో సగం దాకా భారత సైనికులు. తేదీలూ చూసుకోవాలి: పెర్ల్ హార్బర్ దాడి హవాయిలో డిసెంబరు 7 ఉదయం, జపానులో అప్పటికే 8. మలయాలోని కోటబారులో జపాను సైన్యం దిగడం అంతకు గంటకు పైగా ముందే మొదలైంది. 7, 8 అన్న అంకెలు చూసి కోటబారు (అక్కడా తేదీ 8) తర్వాతిదనుకుంటారు.

ఇక మన తీరం. చాలా పెద్ద పుస్తకాల్లో 1942 ఏప్రిల్ బంగాళాఖాతానికి ఒకటి రెండు పేజీలకు మించి దక్కవు, ఇది నిజంగా లోపమే. ఇండెక్సులో జపాను నౌకాదళ సేనాని నగుమో పేరు కింద వెతికితే ఏప్రిల్ 5 కొలంబో, 9 ట్రింకోమలీ దాడులు దొరుకుతాయి. మరో జపాను నౌకాదళ సేనాని ఒజావా పేరు కూడా చూడండి. ఆయన దళంలోని విమానవాహక నౌక ర్యూజో విమానాలే 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు నుంచి ప్రభుత్వ కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించింది ఆ రోజుల్లోనే. మార్చిలో రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం ఆగింది. మొలగొలుకుల వరికి పేరుపడ్డ నెల్లూరు జిల్లావాళ్లకు దాని అర్థం విప్పి చెప్పనక్కర్లేదు. 1943 బెంగాల్ కరువు మృతులు విచారణ కమిషన్ ప్రకారం 15 లక్షలు, తర్వాతి పరిశోధకుల్లో కొందరి లెక్క 30 లక్షలు. రచయిత ఏ అంకె తీసుకున్నాడో, ఎందుకో ఫుట్‌నోటులో చూడండి.

ఊరి పేర్లు పట్టుకుని పాత రికార్డులు తిరగేసేవాళ్లకు ఒక మాట. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. యుద్ధకాలంలో ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరులో, మార్కాపురం కర్నూలులో ఉండేవి.

చివరగా కాకిబంగారం. గూడూరు, సైదాపురం, కలిచేడు గనుల మైకా. వేడికి తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు, పొరలు పొరలుగా చీలుతుంది. అందుకే రేడియో వాల్వులు, కండెన్సర్లు, విమాన ఇంజన్ల స్పార్క్ ప్లగ్గుల్లో దానికి బదులు దొరకలేదు. మిత్రరాజ్యాలకు ప్రధానంగా సరఫరా చేసింది భారతదేశమే. బీహారు తర్వాత నెల్లూరు. ఆ పొరలు చీల్చింది యంత్రాలు కాదు, కత్తులు పట్టిన కూలీల చేతులు. ఇండెక్సులో మైకా అన్న మాట దొరక్కపోతే ముడిసరుకుల కింద చూడండి. అక్కడా లేకపోతే నాలుగో గడిలో మీరే రాసుకోండి.