కాబౌ పచ్చిక బయలులో ఆకాశపు వెలుగు

2024 జూన్‌లో మా అమ్మాయి ఇంటికని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరానికి వెళ్ళినప్పుడు, ఆ ఊరికి నైరుతిగా ఉన్న కాబౌ అనే పల్లెకు ఒక రోజు వెళ్ళివచ్చాను. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో ముప్పై ఏళ్ళపాటు ఇంటర్మీడియట్ పిల్లలకు ఏటా బల్ల మీద బొమ్మ గీసి చెప్పినవాడిని. ఆ నీలి వెలుగుతోనే నేల మీద నిలబడి గాలిలోని కాలుష్యాన్ని కొలుస్తారని అల్లుడి స్నేహితుడైన ఒక తెలుగు పరిశోధకుడు చెప్పినప్పుడు, ఆ పని కళ్ళారా చూడకుండా ఇంటికి తిరిగిరాకూడదనుకున్నాను.

దారి పొడవునా కాలవలు, పచ్చిక, మేస్తున్న ఆవులు కనబడ్డాయి. కోనసీమ కాలవగట్ల మీద పెరిగిన నాకు ఆ నీళ్ళు పాత చుట్టాల్లాగే తోచాయి గాని, సముద్రమట్టానికి అరమీటరుకు పైగా దిగువనున్న ఆ నేల మీద 213 మీటర్ల ఎత్తున నిలిచిన సన్నని స్తంభాన్ని చూసినప్పుడు మాత్రం కారు ఆపించి కాసేపు నిలబడ్డాను. డచ్చి వాతావరణ సంస్థ 1972లో నిలిపిన స్తంభమది. దాని చుట్టూ ఉన్న పరిశోధన కేంద్రం ఇప్పుడు రైస్‌దాల్ పేరుతో నడిచే దేశవ్యాప్త పరిశోధన వ్యవస్థలో భాగం. మబ్బులు నిండిన డచ్చి ఆకాశాన్ని ప్రేమతో చిత్రించిన పదిహేడో శతాబ్దపు చిత్రకారుడి పేరు వాతావరణ పరిశోధనకు పెట్టుకోవడం నాకెంతో నచ్చింది.

వేర్వేరు దేశాల పరికరాలను ఒకేచోట చేర్చి, ఒకే దిక్కుకు తిప్పి, వాటి కొలతలను పోల్చి చూసే కార్యక్రమం 2009లో ఇక్కడే మొదలయింది. 2016లో 24 సంస్థల నుంచి 36 పరికరాలు వచ్చాయట. నేను వెళ్ళింది మూడోసారి జరుగుతున్నప్పుడు. పరికరమంటే ఏదో పెద్ద యంత్రాన్ని ఊహించుకున్నాను. బయట ఒక చిన్న దూరదర్శిని, దాని నుంచి లోపలికి వెళ్ళే గాజు తీగ, ఆ తీగ చివర వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటమాపకం మాత్రమే ఉన్నాయి. దీపం లేదు. సూర్యుడి వంక కూడా చూడదు. గాలి అణువులకు, ధూళికి తగిలి నలుదిక్కులకూ చెదిరిన, అంటే పరిక్షేపణం చెందిన వెలుగే దానికి కావలసినది.

వాహనాల పొగలో వచ్చే కాలుష్య వాయువైన నైట్రోజన్ డయాక్సైడ్ నీలి కాంతిని శోషిస్తుంది. ప్రయోగశాలలో ఆ వాయువు గోధుమ రంగులో కనబడేది అందువల్లనే. ఆ శోషణ ఒక తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగాను, పక్కనే తక్కువగాను ఉండి వేలిముద్రలాంటి గుర్తును వెలుగులో వదులుతుంది. దూరదర్శిని ముందు క్షితిజానికి దగ్గరగా, తరువాత కొంచెం కొంచెం పైకి, చివరకు నడినెత్తికి చూస్తుంది. క్షితిజం వైపు నుంచి వచ్చే వెలుగు నేలకు దగ్గరి మురికి గాలిలో చాలా దూరం నడిచి వస్తుంది కనుక దానిలో ఆ గుర్తు లోతుగా ఉంటుంది.

"మాస్టారూ, 30 డిగ్రీల సైన్ విలువ ఎంతండీ?" అని నన్ను తీసుకువెళ్ళిన ఆ తెలుగు పరిశోధకుడు అడిగాడు. సగమన్నాను. "అయితే 30 డిగ్రీల వాలున వచ్చే వెలుగు నేల దగ్గరి పొరలో నిలువు దారికి రెండింతలు నడుస్తుంది. అందులోంచి నడినెత్తి కొలతను తీసేస్తే మిగిలేది సరిగ్గా ఒక నిలువు దారిలోని వాయువే కదండీ!" అన్నాడు. పై పొరల వాటా రెండు కొలతల్లోనూ దాదాపు సమానమే కనుక అదీ కొట్టివేయబడుతుంది. ఇన్నేళ్ళు త్రికోణమితిని వాడినవాడిని, అంత చిన్న విలువ ఇంత పని చేస్తుందని అప్పుడే తెలుసుకున్నాను.

ఆ లెక్కలో నన్ను కదిలించిన మాట మరొకటుంది. సూర్యకాంతిని రంగులుగా విడదీసినప్పుడు కనబడే ఫ్రౌన్‌హోఫర్ నల్లగీతలు పరిక్షేపణం చెందిన వెలుగులో కొద్దిగా పూడిపోతాయి. 1962లో బయటపడిన ఈ మార్పుకు ముఖ్యకారణం నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల వల్ల కలిగే రామన్ పరిక్షేపణం, అంటే చెదిరేటప్పుడు వెలుగు తరంగదైర్ఘ్యం కొద్దిగా మారిపోవడం. దాన్ని సరిదిద్దకపోతే కాలుష్యపు గుర్తు తప్పుగా చదవబడుతుంది. సర్ సి.వి. రామన్ పేరున్న ఆ ప్రభావం ఇక్కడ ప్రతి కొలతలోనూ లెక్కకు వస్తున్నదని తెలిసి చాలాసేపు ఆ కొలతలు చూపే కంప్యూటర్ తెర ముందు నుంచి కదలలేకపోయాను.

మధ్యాహ్నం మబ్బు కమ్మింది. వెలుగు నడిచిన దూరం మారిపోతే కొలత ఎలా నమ్మాలని అడిగాను. రెండు ఆక్సిజన్ అణువులు ఢీకొన్న క్షణంలో కలిగే శోషణ 477 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కనబడుతుందట. గాలిలో ఆక్సిజన్ ఎంతో ముందే తెలుసు కనుక, ఆ శోషణ బలాన్ని బట్టి వెలుగు ఎంత దూరం నడిచిందో, దారిలో ధూళి ఎంతుందో రాబట్టవచ్చు.

2017 అక్టోబరు 13న ప్రయోగించిన గాలిలోని వాయువులను కొలిచే సెంటినెల్-5పి ఉపగ్రహం పైనుంచి చెప్పే అంకెలను ఇలాంటి నేల కొలతలతోనే సరిచూస్తారు. పంజాబ్‌లోని మొహాలీలోనూ ఇటువంటి పరికరం 2013 నుంచి కొన్నేళ్ళు కొలతలు తీసింది. మన విజయవాడ, హైదరాబాదుల మీది గాలికీ ఇవి కావాలని నా గట్టి కోరిక.

జూన్‌లో అక్కడ పొద్దు రాత్రి పది గంటల వేళ గుంకుతుంది. ఆ వేళకు సూర్యకాంతి వాతావరణంలోని పై పొర అయిన స్ట్రాటోస్ఫియరును ఏటవాలుగా దాటి చాలా దూరం నడిచి వస్తుంది కనుక, ఆ ఎత్తులోని వాయువులను కొలవడానికి అదే అదను. మేము బయలుదేరేసరికి దూరదర్శినులు ఒక్కొక్కటిగా క్షితిజాన్ని విడిచి నడినెత్తికి తిరుగుతున్నాయి.