గట్టున పడ్డ చేప

ధ్యానానికి కూర్చున్న కొత్తలో చాలామందికి ఒకటే టెన్షన్. కళ్ళు మూసుకోగానే మనసు మామూలు కంటే ఎక్కువ గోల చేస్తోందేమిటి, లోపం నాలోనే ఉందా అని. అలా అడిగినవాళ్ళకి నేను ముందుగా బుద్ధుడి మాటల సంకలనమైన ధమ్మపదంలో, మనసు గురించిన చిత్తవగ్గ అనే అధ్యాయంలోని ఈ పాళీ గాథ చెబుతాను.

"వారిజోవ థలే ఖిత్తో ఓకమోకత ఉబ్భతో
పరిఫందతిదం చిత్తం మారధేయ్యం పహాతవే"

మారుడి, అంటే మనసుని ప్రలోభపెట్టి కట్టిపడేసేవాడి, ఏలుబడి నుంచి బయటపడే ప్రయత్నంలో ఈ చిత్తం, నీళ్ళలోంచి తీసి నేల మీద పడేసిన చేపలా కొట్టుకుంటుందట. గోదావరి జిల్లాలవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువు పట్టుబడి రోజున వలలోంచి జారి గట్టున పడ్డ శీలావతి చేప తోకతో నేలను కొడుతూ, మొప్పలు తెరుస్తూ మూస్తూ, ఒళ్ళంతా బురదతో ఎలా ఎగిరెగిరి పడుతుందో చూశాం కదా. నీళ్ళలో ఉన్నంతసేపూ దానికి ఆ అవసరమే లేదు. మనసూ అంతే, రోజంతా రొయ్యల కౌంటు రేటు, పిల్లల ఫీజులు, పొద్దున ఎవరో అన్న మాట, వీటిలోనే ఈదుతూ ఉంటుంది. అందులోంచి తీసి శ్వాస దగ్గర కూర్చోబెడితే కొట్టుకోక ఏం చేస్తుంది? గోల కొత్తగా పుట్టలేదు, ఇప్పుడు మనకి కనబడుతోంది, అంతే.

ఈ గాథ మేఘియుడనే భిక్షువు కోసం చెప్పిందని అట్ఠకథ, అంటే ధమ్మపదం మీద పాత వ్యాఖ్యానం, చెబుతోంది. ఆయన కిమికాళా నది ఒడ్డున ఒక మామిడితోట చూసి ముచ్చటపడి, ఇక్కడైతే ధ్యానం బాగా కుదురుతుందనుకున్నాడు. ఇంకో భిక్షువు వచ్చేదాకా ఆగమని బుద్ధుడు చెప్పినా వినక, మూడోసారి కూడా అడిగి వెళ్ళాడు. ఏటిగట్టు, చెట్టునీడ, ఎవరూ లేరు. (మన గోదావరి లంకల్లో ఇలాంటి తోటలకు కొదవేముంది!) తీరా కూర్చుంటే కోరికలు, ద్వేషం, హింస, ఈ తలపులే చుట్టుముట్టాయి. తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు.

అప్పుడు బుద్ధుడు ఆయనకి చిత్తం పండడానికి కావలసినవి ఐదు చెప్పాడు, అందులో మొట్టమొదటిది కల్యాణమిత్రుడు, మంచి స్నేహితుడు. ఆలోచనల్ని తెంచడానికి ఆనాపానసతి, అంటే శ్వాస మీద ఎరుక, ఆ తర్వాతే వస్తుంది. ఎరుకని ఎలా నిలపాలో బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తం ఇంకో మెట్టు పైకెళ్ళి, చెదిరిన చిత్తాన్ని చెదిరిన చిత్తమని తెలుసుకోవడం కూడా సాధనేనంటుంది. నాకు ఎంతో ధైర్యమిచ్చే మాట అది.

మామిడికుదురు దగ్గర ఆదుర్రులో, గోదావరి వైనతేయ పాయ పక్కన పాత ఇటుకల బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ మసలిన భిక్షువుల మనసులూ ఇలాగే కొట్టుకుని ఉంటాయి. అందుకే, ధ్యానం కుదరడం లేదని ఒంటరిగా కుమిలిపోయేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే, మీతో కలిసి కూర్చునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?