నా సింబల్స్, వాటిని మోసే స్టాండ్లు

నా డ్రమ్ కిట్‌లో క్రాష్ సింబల్‌కి, అంటే పాట ఊపందుకునే చోట గట్టిగా కొట్టే లోహపు పళ్లేనికి, బీట వచ్చిన సంగతి కంటికంటే ముందు నా చెవికి తెలిసింది. రోజూ కొట్టే చోటే కొట్టాను. మోత చివర్లో మాత్రం సన్నగా జరజరమని ఏదో వినిపించింది. స్టాండ్ మీద నుంచి తీసి అంచు వెంట గోరు నడిపిస్తే ఒకచోట తట్టుకుంది. అప్పటికి పావు అంగుళం కూడా లేదు. పది రోజుల్లో రెండింతలైంది.

అది కిట్‌తో పాటే వచ్చిన ఇత్తడి సింబల్. కొత్తగా నేర్చుకునేవాళ్ల కిట్లతో వచ్చేవి చాలావరకు రాగి, జింకు కలిసిన ఇత్తడివే ఉంటాయి. మోత కటువుగా లేచి తొందరగా ఆరిపోతుంది. మెల్లగా తాకినా, బలంగా కొట్టినా ఒకే రకంగా పలుకుతుంది. వాటిమీద రెండేళ్లు నేర్చుకున్నాను, కాబట్టి చిన్నచూపు లేదు. కానీ చెయ్యి ఎదుగుతుంటే సింబల్ అక్కడే ఆగిపోయిందన్న సంగతి ఆ బీటతో నాకు అర్థమైంది.

బీట ఎందుకొచ్చిందో మా డ్రమ్స్ మాస్టారు స్టాండ్ చూడగానే చెప్పేశారు. సింబల్ ఊగకూడదని నేను పైన వింగ్ నట్‌ని (చేత్తో తిప్పే రెక్కల నట్టుని) బలమంతా పెట్టి బిగించేదాన్ని. దెబ్బ పడినప్పుడు సింబల్ ఊగి ఆ బలాన్ని బయటికి వదిలేయాలి. ఊగనివ్వకపోతే అదంతా లోహంలోనే తిరిగి అంచునో, మధ్య రంధ్రం దగ్గరో పగులుతుంది. పైగా రాడ్‌కి ఉండాల్సిన ప్లాస్టిక్ స్లీవ్ (తొడుగు) ఎప్పుడో అరిగి పోయింది. ఇనుప మర రాసుకుని రాసుకుని సింబల్ రంధ్రం గుండ్రంగా లేకుండా ఒకవైపు తాళంచెవి కన్నంలా సాగింది. నేను సింబల్ మార్చాలని వెళ్లాను. ఆయన మాత్రం స్టాండ్ మార్చకుండా సింబల్ కొనొద్దన్నారు. అక్కడి నుంచి రెండింటినీ ఒకే లెక్కలో చూడటం మొదలుపెట్టాను. మొత్తం పూర్తి కావడానికి ఏడు నెలలు పట్టింది.

హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే సింబల్స్ జత), క్రాష్, రైడ్ (పాట పొడుగునా తాళం నడిపే పెద్ద సింబల్) కలిపి ఒకే పెట్టెలో అమ్మే సెట్లు ఉన్నాయి. విడివిడిగా కొనేదానికంటే చవక, ఒకదానికొకటి కలిసేలా ఎంచినవి కూడా. వెంటనే అన్నీ కావాల్సినవాళ్లకి అదే మంచిది. నాకు తొందర లేదు, చేతిలో డబ్బు నెలనెలా కొంచెం మాత్రమే మిగులుతుంది. అందుకే ఒక్కొక్కటిగా వెళ్లాను. కుడిచెయ్యి ఎక్కువసేపు ఉండేది హై-హ్యాట్ మీదే కాబట్టి మొదట అది, తర్వాత రైడ్, చివర్లో క్రాష్‌లు.

కొనేముందు లోహాల గురించి చాలా చదివాను. బీ20 అంటే 80 శాతం రాగి, 20 శాతం తగరం కలిసిన కంచు. గంటలు పోసే కంచు కూడా ఇంచుమించు ఈ పాళ్లలోనే ఉంటుంది. బీ8 అంటే 92 శాతం రాగి, 8 శాతం తగరం. బీ8ని సాధారణంగా పెద్ద రేకు నుంచి గుండ్రంగా కోసి తయారుచేస్తారు. బీ20 సింబల్స్‌ని చాలావరకు విడివిడిగా పోత పోసి, వేడిచేసి పలచబరిచి, సుత్తి దెబ్బలతో తీర్చి, లేత్ మీద చెక్కుతారు. అవెడిస్ జిల్జియాన్ 1623లో కాన్‌స్టాంటినోపుల్‌లో మొదలుపెట్టిన సింబల్స్ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. అదే కుటుంబానికి చెందిన రాబర్ట్ జిల్జియాన్ 1981లో కెనడాలో సేబియన్ అనే ఇంకో సింబల్స్ కంపెనీని స్థాపించాడు. ఇవన్నీ చదివి బీ20 తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదని తీర్మానించుకున్నాను. మంచి గొంతుని కంచు కంఠం అంటాం కదా, తగరం ఎంత ఎక్కువుంటే గొంతు అంత మంచిదని నా లెక్క.

ఆ లెక్క తప్పని చెవులే చెప్పాయి. మా బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయించే స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లాను. నేను వెనక్కి తిరిగి నిలబడితే అతను వరుసగా క్రాష్‌లు వాయించాడు. పేరు, లోహం చూడకుండా నచ్చినవాటికి చెయ్యెత్తమన్నాడు. నేను చెయ్యెత్తిన మూడింటిలో ఒకటి బీ8. తర్వాత తెలిసింది, పైస్టే కంపెనీ 1971లో తెచ్చిన ‘2002’ అనే పేరున్న సిరీస్ కూడా బీ8తోనే చేస్తారని, పెద్ద పెద్ద వేదికల మీద దశాబ్దాలుగా అవి మోగుతున్నాయని. తగరం పాళ్లు సింబల్ స్వభావం చెప్తాయి, అంతే. బీ8 మోత సూటిగా, మెరుపులా ఉంటుంది. బీ20లో పొరలు పొరలుగా చాలా స్వరాలు కలగలిసి వినిపిస్తాయి. మన పాటలకి ఏది కావాలన్నది వేరే ప్రశ్న.

హై-హ్యాట్ దగ్గర పెద్దగా ఆలస్యం కాలేదు. 14 అంగుళాల జత, కింది సింబల్ పైదానికంటే కొంచెం బరువైనది. మూసి వాయించి, సగం తెరిచి వాయించి, చేతులు తీసేసి ఒక్క కాలితో తొక్కి చూశాను. కాలితో తొక్కినప్పుడు వచ్చే ఆ ‘చిక్’ స్పష్టంగా లేకపోతే మిగతావి ఎంత బాగున్నా వద్దని ముందే అనుకున్నాను. దుకాణంలో చక్కగా పలికింది. ఇంటికి తెచ్చి నా స్టాండ్‌కి పెడితే ‘చిక్’ బదులు గాలి నలిగిన చప్పుడు వచ్చింది. ఆ రాత్రంతా టెన్షన్ పడ్డాను. మర్నాడు మాస్టారు ఫోన్‌లోనే విషయం తేల్చారు. రెండు సింబల్స్ మరీ సమానంగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటే మధ్యలో గాలి చిక్కుకుపోతుంది. కింది సింబల్ కూర్చునే చోట పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే సింబల్ కాస్త వాలుతుంది, గాలి బయటికి పోవడానికి దారి దొరుకుతుంది. రెండు చుట్లు తిప్పాను. దుకాణంలో విన్న ‘చిక్’ తిరిగొచ్చింది. రెండేళ్లుగా ఆ స్క్రూ నా కళ్లముందే ఉంది.

రైడ్ మాత్రం రెండు నెలలు తిప్పించింది.

మొదటిసారి వెళ్లినప్పుడు వరుసగా పది సింబల్స్‌ని ఒక్కోదాన్ని రెండు మూడు దెబ్బలు కొట్టి ముందుకెళ్లాను. అన్నింట్లో బరువైనది నచ్చింది. కర్ర తగలగానే ‘టింగ్’మని గాజుమీద గీసినంత స్పష్టంగా పలికింది. కొనబోతుంటే మాస్టారు ఆపారు. "కొట్టి చూడకు అమ్మా, వాయించి చూడు" అన్నారు. కూర్చోబెట్టి, మా బ్యాండ్ పాట ఒకటి మనసులో పాడుకుంటూ, అదే వేగంలో మూడు నిమిషాలు ఆపకుండా వాయించమన్నారు. రెండో నిమిషానికి ఆ ‘టింగ్’ చెవిలో గుచ్చుకోవడం మొదలైంది. కోరస్ వచ్చేచోట అంచుమీద కర్ర మెడతో కొట్టి విప్పారేలా చేద్దామంటే అది విప్పారలేదు, బరువుగా ఖంగుమంది అంతే. తర్వాత పల్చటిది తీసుకున్నాను. దానికి దీనికి పూర్తి విరుద్ధమైన ఇబ్బంది. మొదటి అర నిమిషం పట్టులా ఉంది. ఆ తర్వాత వెనకాల జుమ్మనే మోత పేరుకుంటూ పోయి, నా కర్ర ఎక్కడ పడుతోందో నాకే వినిపించలేదు.

ఈ పరీక్ష మూడు దెబ్బలతో ఎప్పటికీ తేలేది కాదు. రైడ్ అంటే ఒక శబ్దం కాదు, వరుసగా వందల దెబ్బలు పడుతుంటే వాటి మధ్యలో మిగిలే శబ్దం కూడా అందులో భాగమే.

ఇంకో సంగతి, కూర్చుని వాయించేవాళ్లకి వినిపించేది, ఎదురుగా నిలబడినవాళ్లకి వినిపించేది ఒకటి కాదు. మోత దగ్గరగా ఉన్నవాళ్లని ముంచెత్తుతుంది, నాలుగైదు మీటర్ల దూరంలో సగం కరిగిపోతుంది. అందుకే స్నేహితుణ్ణి కూర్చోబెట్టి నేను గది చివర నిలబడి విన్నాను. దగ్గరగా గజిబిజిగా అనిపించిన ఒక మధ్యరకం సింబల్ అక్కడి నుంచి ఎంతో హుందాగా పలికింది. వెంట నా కర్రలే తీసుకెళ్లడం కూడా మంచిదైంది. నైలాన్ మొన ఉన్న కర్రతో రైడ్ మెరుపుగా పలుకుతుంది, చెక్క మొనతో అదే సింబల్ మెత్తబడుతుంది. దుకాణంలో ఉన్న కర్రలు నైలాన్‌వి, నేను ఇంట్లో వాడేవి చెక్కవి. దుకాణం కర్రలతోనే తేల్చుకుని ఉంటే నా ఇంట్లో వేరే సింబల్ మోగేది.

చివరికి 20 అంగుళాల మధ్యరకం రైడ్ తీసుకున్నాను. ఒకే పేరుతో, ఒకే సైజులో రెండు ఉంటే రెండూ తూకం వేయించాను. ఒకటి 2,240 గ్రాములు, ఇంకోటి 2,390. చేత్తో సుత్తి దెబ్బలు వేసి చేసేవాటిలో ఇంత తేడా మామూలే. తేలికైనదే నాకు కావాల్సిన చోట విప్పారింది.

క్రాష్‌లకి 16, 18 అంగుళాలు ఎంచుకున్నాను. రెండింటి మధ్య రెండు అంగుళాల తేడా ఉంటే అవి వేర్వేరు గొంతులుగా వినిపిస్తాయి. అప్పటికే కొన్న హై-హ్యాట్, రైడ్ తీసుకెళ్లి వాటి పక్కనే పెట్టి విన్నాను. 16 కొత్తది, పల్చటిది, మెల్లగా తాకినా వెంటనే పలుకుతుంది. 18 సెకండ్ హ్యాండ్‌ది. పాత సింబల్ కొనేటప్పుడు ఏం చూడాలో నాకు ముందే అనుభవం ఉంది కదా: అంచు చుట్టూ గోరు నడిపాను, మధ్య రంధ్రం గుండ్రంగా ఉందో లేదో చూశాను, గుబ్బ మొదలయ్యే చోట, లేత్ గీతల వెంట వెలుతురులో ఏటవాలుగా పట్టి సన్నని పగుళ్లు వెతికాను. తర్వాత ఒక్కటే దెబ్బ కొట్టి మోత పూర్తిగా ఆరేదాకా చెవి దగ్గర పెట్టి విన్నాను. నల్లబడి ఉంది, దాన్ని తోమలేదు. ఆ రంగు నాకు ఇష్టం, అదీకాక పాలిష్ పెడితే పైన అచ్చువేసిన అక్షరాలు పోతాయి.

ఇక స్టాండ్ల సంగతి. నా పాతవాటి కాళ్లకి ఒక్కొక్క పట్టీయే ఉండేది. కొత్త రైడ్‌ని బూమ్ స్టాండ్ (పక్కకి చాపే చెయ్యి ఉన్న స్టాండ్) మీద, ఆ చెయ్యి బాగా చాపి పెట్టిన మొదటి రోజే స్టాండ్ మొత్తం ముందుకి వాలింది. ఎడమచేత్తో పట్టుకున్నాను కాబట్టి సింబల్ నేలని తాకలేదు. బూమ్ చెయ్యి ఎటు చాపితే స్టాండ్ కాలు ఒకటి సరిగ్గా అటే ఉండాలి. ఆ ఒక్క సవరణతో వాలడం ఆగింది. అయినా రైడ్‌కి, 18 క్రాష్‌కి జంట పట్టీల స్టాండ్లు కొన్నాను. 16 క్రాష్ తేలికే, దానికి పాత స్టాండే చాలు. వారం వారం కిట్ మోసుకెళ్లే నాకు అన్నీ బరువైనవే ఎందుకు?

దుకాణంలో స్టాండ్‌ని పూర్తి ఎత్తుకి లేపి, గొట్టాలు కలిసే చోట పట్టుకుని ఊపి చూశాను. ఆ కీలు లోపల ప్లాస్టిక్ బుష్ ఉంటే ఇనుము ఇనుముని నొక్కదు, చప్పుడు చెయ్యదు. తల వంచే చోట పళ్లు ఉన్న రకం మెట్లు మెట్లుగా వంగుతుంది, పళ్లు లేనిది ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. నాకు రెండోది నచ్చింది. సింబల్ కొద్దిగా నావైపు వంగి, కర్ర అంచుని పక్కగా రాసుకుంటూ పోయేలా ఉండాలి. ఎదురుగా నిటారుగా తగిలే దెబ్బ సింబల్‌ని చంపేస్తుంది. స్లీవ్‌లు, ఫెల్ట్‌లు (మెత్తటి బిళ్లలు) ఒక డజను అదనంగా కొని సంచిలో వేసుకున్నాను. ఇప్పుడు కింద లోహపు వాషర్, దానిమీద ఫెల్ట్, సింబల్, మళ్లీ ఫెల్ట్, పైన వింగ్ నట్. సింబల్‌ని వేలితో తోస్తే నాలుగైదు సార్లు ఊగేంత వదులు ఉంచుతున్నాను.

బాస్ డ్రమ్ పెడల్ మార్చలేదు. చైన్ బాగానే ఉంది, స్ప్రింగ్ కొంచెం బిగిస్తే సరిపోయింది. స్టూలు మాత్రం చివరిదాకా వాయిదా వేయడం నేను చేసిన పెద్ద పొరపాటు. పాతదాని ఎత్తు వాయిస్తుండగానే జారిపోయేది, నడుము నొప్పి నెలల తరబడి ఉండేది. మర తిప్పి ఎత్తు పెంచే రకం కొని, తొడలు తుంటి నుంచి మోకాలి వైపు కాస్త కిందికి వాలేలా పెట్టుకున్నాక నొప్పి తగ్గింది. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే హై-హ్యాట్ కంటే ముందు స్టూలే కొంటాను.

స్టాండ్ల ఎత్తు గుర్తుండేలా మెమరీ లాక్‌లు బిగించి, చాప మీద కాళ్లు ఎక్కడ ఉండాలో రంగు టేపు అంటించాను. ఇప్పుడు కిట్ విప్పి మళ్లీ పెట్టడానికి పదిహేను నిమిషాలు.

బీట వచ్చిన పాత క్రాష్‌ని పారేయలేదు. గీసుకోకుండా బీట అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది, దానిమీద పాత హై-హ్యాట్ పై సింబల్‌ని బోర్లించాను. రెండూ కలిసి పొట్టిగా, పొడిగా చప్పట్లలాంటి శబ్దం ఇస్తున్నాయి. రెండు పాటల్లో వాడుతున్నాను. ఎంత బిగిస్తే మోత అంత పొట్టిగా తెగుతుంది, కాబట్టి దానిమీద వింగ్ నట్‌ని పాతరోజుల్లోలాగే బలమంతా పెట్టి బిగిస్తాను.